రాత్రి డ్యూటీ కాళ్లు

తడి దుప్పట్ల బండి ర్యాంపు మధ్యలో ఆగిపోయింది. బండక్క రెండు చేతులూ కడ్డీకి ఆనించి, తల వంచి, ఒంట్లో ఉన్న బలమంతా తొడల్లోకి దింపాలని చూసింది. తొడలు వణికాయి గానీ అడుగు పడలేదు. బండి జానెడు వెనక్కి జారింది.

"వదినా!" అని మాత్రం అనగలిగింది.

కింద మూటలు కడుతున్న పొట్టి వదిన చేతిలో మూట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. కాలి చెప్పు ఊడదీసి చక్రం కింద దోపి, బండికి వీపు ఆనించి నిలబడింది.

"ఊపిరి పీల్చుకోవే బండా, నేనున్నాగా. నన్ను తొక్కాలన్నా బండికి సిగ్గేస్తుంది, తొక్కడానికి నాలో ఏముందని?"

నవ్వే సమయం కాదు. అయినా బండక్కకి నవ్వొచ్చింది. నవ్వేసరికి మిగిలిన కాస్త పట్టూ సడలిపోయి, కడ్డీ మీదే తల వాల్చేసింది.

ఆ పెద్దాసుపత్రిలో బట్టలు ఉతికేది నేల కింద గదిలో. ఆరబెట్టి ఇస్త్రీ చేసేది పై అంతస్తులో. మధ్యలో లిఫ్టు ఉంది గానీ అది రోగులకీ డాక్టర్లకీ. తడి బట్టలు మాత్రం ర్యాంపు మీదుగానే ఎక్కాలి. రాత్రంతా ఉతికినవి పగటివాళ్లు వచ్చేలోగా పైకి చేరకపోతే ఆపరేషన్ గదులకి దుప్పట్లు అందవు. అందువల్ల మనిషి అన్నిటికన్నా నీరసంగా ఉండే తెల్లవారుజామునే అన్నిటికన్నా బరువైన పని మొదలవుతుంది. ఉతుకుడు కాంట్రాక్టు పుచ్చుకున్న ఆసామికి గానీ, ఇచ్చిన ఆసుపత్రికి గానీ ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు. తట్టాల్సిన అవసరమూ రాలేదు.

చేరిన కొత్తలో ఆమె ఒక్కతే ఆ బండిని ఎక్కడా ఆపకుండా పైదాకా తోసేది. బండి తోస్తుంది కాబట్టి బండక్క అన్నారో, బండలా ఉందని అన్నారో ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఆ పేరు పెట్టిన పొట్టి వదిననే అడిగితే "రెండూను" అంటుంది. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఒకే వీధిలో ఇళ్లు, ఒకే రాత్రులు. అంతే.

"ఏమ్మా, అక్కడే కాపురం పెట్టేశారా?" పైనుంచి సూపర్‌వైజరు కేకేశాడు.

ఇద్దరూ భుజాలు ఆనించి బండిని పైకి చేర్చారు. బండక్క చీరకొంగుతో మొహం తుడుచుకుని అతని దగ్గరికి వెళ్లింది. అతను ఆమె కన్నా బాగా చిన్నవాడు. అయినా చేతులు వాటంతటవే కట్టుకున్నాయి.

"సార్, నన్ను పగటి డ్యూటీకి మార్చండి. కాళ్లు నిలవట్లేదు."

"మళ్లీ అదే పాటా? పగటి డ్యూటీ ఏమన్నా సినిమా టిక్కెట్టా, వరసలో నిలబడితే దొరకడానికి?"

"వేరే పని ఏదైనా సరే సార్. ఊడవమన్నా ఊడుస్తా. పగలైతే చాలు."

"కాళ్లనొప్పులు నాకూ ఉన్నాయమ్మా. ఎవరైనా డాక్టరు వచ్చి చెబితే అప్పుడు చూద్దాం."

అతను ఆమెని వదిలించుకోవడానికి అన్న మాట అది. బండక్క మాత్రం దాన్ని జాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్లింది.

ఇల్లంటే ఒకటే గది. ఆమె వచ్చేసరికి కూతురు జడ వేసుకుంటోంది, మొగుడు రంగు మరకల చొక్కా తొడుక్కుంటున్నాడు. అతను గోడలకి రంగులేసే మనిషి. అతను లేచిన మంచం మీదే ఆమె పడుకోవాలి. ఒకరి వెచ్చదనం ఆరకముందే ఇంకొకరు వాలే ఆ మంచం ఏనాడూ చల్లబడి ఎరగదు.

"డాక్టరు చెబితే మారుస్తాడంట" అంది, అన్నం గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

అతను బొత్తాలు పెట్టుకోవడం ఆపాడు. "పగలైతే రాత్రికిచ్చే బత్తా డబ్బులు పోతాయిగా?"

"పోతాయి."

"వానలు పట్టాయంటే నా పని ఆగిపోద్ది. పిల్ల చదువు..." అని, ఆమె మొహం చూసి అక్కడితో ఆపేశాడు. చెడ్డవాడు కాదు. అతను అన్నది అబద్ధమూ కాదు. "సరే, నువ్వెలా అంటే అలాగే. తిని పడుకో" అని రంగు డబ్బాలు తీసుకుని బయటపడ్డాడు.

తినబోతే అన్నం గొంతు దిగలేదు. ఆకలి అంతా నడిరాత్రి, సబ్బు నురగలో మోచేతులదాకా మునిగి ఉన్నప్పుడు వేసింది. ఇప్పుడు కడుపు రాయిలా ఉంది. కిటికీకి దుప్పటి కట్టి, కళ్ల మీద తడిగుడ్డ వేసుకుంది. పక్కన వెల్డింగు షాపులో ఇనుము కోస్తున్నారు. ఒళ్లు మంచానికి అతుక్కుపోయినా బుర్ర మాత్రం దీపంలా వెలుగుతూనే ఉంది. అంతకుముందు ఓపీలో చూపించుకుంటే షుగరు అంచున ఉందన్నారు. వేళకి తినాలి, వేళకి పడుకోవాలి అని చెప్పాడు అక్కడి డాక్టరు. "ఏ వేళకండీ?" అని ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆయన తలెత్తకుండా తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆ నెలలోనే డాక్టరమ్మ నేల కింద గదిలోకి దిగొచ్చింది.

పై మేడ నుంచి డాక్టరన్న మనిషి అక్కడికి దిగడం అదే మొదలు. కళ్లద్దాలు ఆవిరికి మసకబారి, మాటిమాటికీ తుడుచుకుంటూ, తడి నేల మీద జారబోయి గోడ పట్టుకుంది. పొట్టి వదిన స్టూలు తెచ్చి వేసింది. డాక్టరమ్మ కూర్చుని అందరినీ "మీరు" అని పిలిచింది. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఆవిడ చెప్పింది ఇదీ. మన ఒంట్లో ప్రతి కండకీ ఒక వేళ తెలుస్తుంది. ఒక పూట తిన్నదాన్ని బాగా మండించి బలం చేసుకుంటుంది, ఇంకో పూట నెమ్మదిస్తుంది. ఏళ్ల తరబడి రాత్రులు పనిచేస్తే ఆ కండలో ఏమవుతుందో ఆవిడ పరిశోధన చేస్తోంది. అందుకు రాత్రిపని మనుషులు కావాలి. గదిలో రెండు రోజులు ఉంచుతారు, తిండి పెడతారు. కొన్ని గంటలకోసారి తొడలోంచి బియ్యపు గింజంత కండ తీస్తారు. తీసేముందు మత్తిస్తారు.

"కండా?" అంది పొట్టి వదిన. "నా దగ్గర ఉన్నదే అంతంత మాత్రం తల్లీ. ఆ గింజ కూడా మీకిస్తే నేను ఎముకలతో తోసుకోవాలి."

అందరూ నవ్వారు. డాక్టరమ్మా నవ్వింది. బండక్క మాత్రం చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

"నేనొస్తా. వస్తే నన్ను పగటి డ్యూటీకి మార్పించగలరా అమ్మా? డాక్టరు చెబితే చూస్తామన్నారు."

డాక్టరమ్మ కొంచెం తడబడింది. "మార్పించడం నా చేతుల్లో లేదు. కానీ మాట్లాడతాను. తప్పకుండా మాట్లాడతాను."

బండక్కకి అంతే చాలు.

ఆ గదికి కిటికీ లేదు, గోడ గడియారం లేదు. మంచం మీద తెల్లటి దుప్పటి. అంచు మీద కుట్టు చూసి అది తను ఉతికినదేనని గుర్తుపట్టింది. గంటగంటకీ ఒకే రకం తిండి కొద్దికొద్దిగా తెచ్చి పెట్టారు. మొదటిసారి సూది దిగినప్పుడు నొప్పి తెలియలేదు గానీ, లోపల ఎవరో తాడు పట్టుకుని లాగినట్టయి, ఒళ్లు జలదరించింది. చిన్న గాజు బుడ్డిలో ఎర్రటి నలుసు చూపించారు. ఇంతకాలం బండిని తోసింది ఇదేనా అనుకుంది.

వాళ్లు దీపాలు ఆర్పిన రాత్రి ఆమె నిద్రపోయింది. మొదట చాలాసేపు కళ్లు తెరుచుకునే ఉంది. చెవులు యంత్రాల మోత కోసం వెతికాయి. తర్వాత ఎప్పుడు పట్టిందో, మళ్లీ సూదికి నర్సు లేపితే తప్ప తెలివి రాలేదు. లేచి, ఎక్కడున్నదీ తెలిసి, సిగ్గుపడింది. ఇల్లు, పిల్ల ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"ఇంకెన్నిసార్లు తీస్తారమ్మా?" అని నర్సుని అడిగింది.

"భయపడకండి, అయిపోవచ్చింది."

భయంతో అడగలేదు. ఇంకోసారి తీస్తే ఇంకాసేపు పడుకోనిస్తారేమోనని అడిగింది. ఆ మాట పైకి అనలేదు.

తొడ మీద గాట్లతో కుంటుతూ మళ్లీ బండి దగ్గరికి వెళ్లింది. ఆ వారమంతా ఆమె బండిని పొట్టి వదినే తోసింది. మధ్యమధ్య చక్రం కింద చెప్పు దోపి ఆగుతూ రెండు బండ్లూ తోసి, ర్యాంపు పైన గోడకి చేరబడి, "పగటి డ్యూటీకి వెళ్లాక నన్ను మర్చిపోకే. ఎండలో నల్లబడ్డావో లేదో వచ్చి చూసి పోతా" అనేది.

కొన్నాళ్లకి డాక్టరమ్మ కబురు పెట్టింది. బల్ల మీద కాగితం పరిచి రెండు గీతలు చూపించింది. ఒకటి అలలా లేస్తూ దిగుతూ ఉంది. రెండోది తిన్నగా సాగిపోయింది.

"అలలా ఉన్నది పగలు పని చేసి రాత్రి పడుకునేవాళ్ల కండ. తిన్నగా ఉన్నది మీది. మీ కండకి ఎప్పుడు మండాలో, ఎప్పుడు ఆగాలో తెలియట్లేదు. తిన్నది చక్కెరగా నెత్తుట్లో తిరుగుతుందే తప్ప కండ సరిగ్గా లోపలికి తీసుకోవట్లేదు. అందుకే ఆ నీరసం."

బండక్క తిన్నని గీతకేసి చూస్తూ ఉండిపోయింది. ఆసుపత్రిలో మంచాల పక్కన డబ్బాల మీద అలాంటి గీతలు చూసింది తను. దుప్పట్లు మార్చడానికి పిలిచినప్పుడు.

"గీత తిన్నగా ఉంటే మనిషి పోయినట్టే కదమ్మా?"

"అయ్యో, కాదు. అది గుండెది. ఇది వేరు." డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "రాత్రిపని మానేస్తే తిరిగి దారిలో పడొచ్చు. ఒక్కొక్కరి సంగతి బయట చెప్పకూడదని మాకు నియమం. మీరు సరేనంటే మాత్రం మీ సూపర్‌వైజరుతో మాట్లాడతాను."

"మాట్లాడండమ్మా. అందుకేగా వచ్చింది."

డాక్టరమ్మ మాట తప్పలేదు. మర్నాడే కిందికి దిగి, కాగితం చూపించి, సూపర్‌వైజరుకి ఓపిగ్గా అంతా చెప్పింది. అతను లేచి నిలబడి, మధ్యమధ్యలో తల ఊపుతూ విన్నాడు. ఆవిడ వెళ్లేదాకా "అలాగే మేడమ్, అలాగే మేడమ్" అన్నాడు. తర్వాత కాంట్రాక్టరుకి ఫోన్ చేశాడు.

మూడో రోజు తెల్లవారుజామున పని ముగిసే సమయానికి రాత్రివాళ్లందరినీ ర్యాంపు దగ్గర నిలబెట్టాడు.

"రాత్రిపని చేస్తే కండలు పోతాయని డాక్టరుగారే సెలవిచ్చారు. కండ లేనివాళ్లని పెట్టుకుని రేపు ఎవరి మీదైనా బండి పడితే ఎవరిది బాధ్యత? ఒక్కొక్కరు నిండు బండి కింది నుంచి పైదాకా తోయాలి. మధ్యలో ఆపకూడదు. తోసినవాళ్లు ఉంటారు. లేనివాళ్లు ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోవచ్చు. మీ మంచికే."

"రాత్రంతా చేశాక ఇప్పుడా సార్? పొద్దున తిని వచ్చాక పెట్టండి" అని వెనకనుంచి ఒకామె అంది. అతను విననట్టే కడ్డీ మీద తట్టి, మొదటామెని రమ్మన్నాడు.

బండక్క వంతు వచ్చింది. ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. సగం దారిలో కాళ్లు మామూలుగానే వణికాయి. అప్పుడు మొగుడి రంగు చొక్కా, పిల్ల జడ, వానలు అన్నీ ఒక్కసారి మీద పడ్డట్టయింది. పళ్లు బిగించి, గొంతులోంచి ఏదో గొడ్డు అరుపులాంటిది వస్తుంటే, బండిని పైగడప దాటించి నేల మీద కూలబడింది. కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగాయి.

"చూశావా, నీకేం తక్కువ?" అన్నాడు సూపర్‌వైజరు. "ఇక పగటి డ్యూటీ మాటెత్తకు."

తర్వాత పొట్టి వదిన. చీర కుచ్చిళ్లు దోపుకుని, "నేను కనపడకపోతే బండి దానంతటదే వస్తోందని భయపడకండి" అని జోకేసి మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు. సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ అడుగు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. చేతులు తల కన్నా పైన ఉన్నాయి. బండి చాటున ఆమె మొహం కనపడట్లేదు, వేళ్లు మాత్రం కనపడుతున్నాయి.

బండక్క లేచింది. గబగబా బండి దాకా దిగింది.

"ముట్టుకున్నావంటే నీదీ లెక్కలోకి రాదు" అన్నాడు సూపర్‌వైజరు. గట్టిగా కూడా అనలేదు.

బండక్క ఆగింది. చెయ్యి చాస్తే బండి అందుతుంది. చెయ్యి చాచలేదు.

బండి వెనక్కి జారింది. పొట్టి వదిన పక్కకి తప్పుకుంది కాబట్టి బతికింది. బండి కింది గోడకి కొట్టుకుని పక్కకి ఒరిగింది. ఉతికిన దుప్పట్లన్నీ మురికి నేల మీద పడ్డాయి. పొట్టి వదిన దిగి వెళ్లి వంగి ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టింది. "ఇవన్నీ మళ్లీ ఉతకాలి" అంటోంది తనలో తను. సూపర్‌వైజరు "నువ్వు ఉతకక్కర్లేదమ్మా" అనేదాకా ఏరుతూనే ఉంది.

ఆ పొద్దున ముగ్గురు ఆడవాళ్లు పని పోగొట్టుకుని ఇంటికి వెళ్లారు.

దారిలో బండక్క ఆమె పక్కనే నడిచింది. తిట్టమని కోరుకుంది. పొట్టి వదిన తిట్టలేదు.

"నా వల్లే వదినా. నేను నోరు తెరవకపోతే..."

"నువ్వెక్కావుగా. పిల్ల ఉంది నీకు" అంది పొట్టి వదిన. కొంచెం దూరం పోయాక, "చెయ్యి పెడతావేమో అనుకున్నా" అంది. అందులో కోపం లేదు.

నిండు బండ్లు అలాగే ఉన్నాయి, తోసేవాళ్లు తగ్గారు. సూపర్‌వైజరు ఒక కొత్త పిల్లని పెట్టాడు. బండక్క ఆమెకి చక్రం ఎటు లాగుతుందో, పాదం ఎక్కడ ఆనించాలో నేర్పింది. ఒకసారి ఆమె నిద్రలో కాళ్లు జాడిస్తుంటే మొగుడు లేపకుండా పట్టుకుని కూర్చున్నాడని, అందుకే పనికి ఆలస్యంగా వెళ్లాడని కూతురు చెప్పింది.

పొట్టి వదిన ఇంటి మీదుగానే డ్యూటీకి వెళ్లాలి. కొన్నాళ్లు బండక్క వేరే సందులోంచి చుట్టూ తిరిగి వెళ్లింది. ఒక సాయంత్రం ధైర్యం చేసి అటే వెళ్లింది. పొట్టి వదిన తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. మునుపు డ్యూటీకి బయల్దేరేటప్పుడు కూర్చున్నట్టే.

"ఎక్కడికి వదినా?"

"ఎక్కడికీ లేదే. పగలంతా పడి నిద్రపోతున్నానని కోడలు సణుగుతోంది. దీపాలు పెట్టే వేళయ్యేసరికి తెలివొచ్చేస్తుంది. ఇక తెల్లార్లూ ఇలా కూర్చోడమే. కాళ్లు ఊరుకోవు." లేచి చీర దులుపుకుంది. "గేటుదాకా వస్తా పద."

ఇద్దరూ మునుపటిలాగే నడిచారు. మాటలు తక్కువ. ఆసుపత్రి గేటు దగ్గర డాక్టరమ్మ బయటికి వస్తూ ఎదురైంది. బండక్కని చూసి ఆమె మొహం వెలిగింది.

"మీకోసమే రేపు కిందికి వద్దామనుకున్నాను. పరిశోధన రెండో విడత మొదలైంది. ఇంకొక్కసారి వస్తే చాలు. మీరు రాకపోతే మొదటిసారి తీసినవీ పనికిరాకుండా పోతాయి."

బండక్క గేటు ఊచ పట్టుకుంది. ఆ గది, ఆ తెల్లటి దుప్పటి, ఆ చీకటి గుర్తొచ్చాయి. ఒళ్లంతా అటే లాగింది.

"రానమ్మా."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. "నొప్పి పుట్టిందా? డ్యూటీ సంగతి ఇంకా తేలలేదా? మళ్లీ మాట్లాడమంటే..."

"వద్దు!" బండక్క గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీరు మాట్లాడొద్దు. ఇంకెవరితోనూ ఏమీ మాట్లాడొద్దు. నేను రాను."

ఇంతకాలంలో ఆమె ఎవరితోనైనా కుదరదని చెప్పడం అదే మొదలు. చెప్పాక భయమేసింది. డాక్టరమ్మ "సరే, మీ ఇష్టం" అంది. ఏం జరిగిందని అడగబోయినట్టుంది. పక్కనున్న మనిషిని అప్పుడే చూసింది. "మీరూ కిందే పని చేస్తారు కదూ? ఆ రోజు స్టూలు వేశారు."

"చేసేదాన్నమ్మా" అంది పొట్టి వదిన. ఎప్పటి నవ్వే నవ్వబోయింది. సగంలో ఆగింది. "మీకు కండల సంగతి తెలుసన్నారుగా. ఒక్క ఉపకారం చేసిపెట్టండి. పని పోయిందని నా ఒంటికి చెప్పండమ్మా. నేను చెబితే వినట్లేదు."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది, తుడిచింది, చేతిలోనే పట్టుకుంది.

లోపల నుంచి డ్యూటీ గంట మోగింది. పొట్టి వదిన అలవాటు కొద్దీ బండక్కతో పాటు ఒక అడుగు లోపలికి వేసింది. కాపలావాడికి ఆమె తెలుసు. అయినా చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె అక్కడే ఆగిపోయింది. బండక్క వెనక్కి తిరిగి చూస్తూ, చూస్తూ, ర్యాంపు వైపు నడిచింది.